పీ బేసా, జే బేసా: ఒక్కటే కొనాలంటే ఏది?

జగిత్యాల నుంచి మాట్లాడుతున్న. పోయినసారి బేస్ గిటార్‌కు తీగలు ఎట్ల మార్చాలో చూపించిన తర్వాత మెసేజ్‌లు మస్తు వచ్చినయి. అన్నిట్ల ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న ఒక్కటే. "అన్నా, పీ బేస్ తీసుకోవాల్నా, జే బేస్ తీసుకోవాల్నా?" అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం దాని మీదనే. జర పొడుగే ఉంటది, ఓపిక పట్టండి. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. అవెందుకో మధ్యలో చెప్త.

అడిగినవాళ్లల్ల ముగ్గురి సంగతి ముందు చెప్పాలె, ఎందుకంటే ముగ్గురికీ ఒకే జవాబు పనిచెయ్యది. ఒక తమ్ముడు ఇక్కడే జగిత్యాలల ఆదివారం చర్చిలో వాయిస్తడు. ఇప్పటిదాకా చర్చి వాళ్ల బేస్ వాడుకున్నడు, ఇప్పుడు సొంతది కావాలె. ఇంకొక చెల్లె కోరుట్లలో ఉంటది, డిగ్రీ చదువుతున్నది. వాళ్ల అన్న దుబాయి నుంచి వచ్చే నెల వస్తున్నడు, వచ్చేటప్పుడు తెస్తా, ఏది కావాల్నో చెప్పు అన్నడట. మూడో తమ్ముడు సిరిసిల్ల. వాళ్ల నాయిన సాంచెల మీద పని చేస్తడు, ఇంటి పక్కనే షెడ్డు. ఏడాది నుంచి పైసలు జమ చేస్తున్నడు. "అన్నా, ఒక్కసారే కొంట, మళ్లా మార్చుడు నాతోని కాదు" అని రాసిండు. అది చదివినంక "రెండూ మంచివే, మీ ఇష్టం" అని చెప్పబుద్ధి కాలేదు.

ముందు ఈ పేర్ల సంగతి. రెండూ ఫెండర్ అనే ఒకే అమెరికన్ కంపెనీ తయారు చేసినవే. పీ అంటే ప్రెసిషన్ బేస్, 1951లో వచ్చింది. అంతకుముందు బేస్ అంటే మనిషంత ఎత్తున్న డబుల్ బేస్. నిలబడి వాయించాలి, దానికి ఫ్రెట్లు ఉండవు, వేలు ఒక గోరంత జరిగితే శ్రుతి తప్పుతది. లియో ఫెండర్ ఏం చేసిండంటే, దాన్ని గిటార్ లెక్క భుజానికి తగిలించి, మెడ మీద ఫ్రెట్లు కొట్టించిండు. ఫ్రెట్ ఉంటే స్వరం ఖచ్చితంగా పలుకుతది కదా, అందుకే ప్రెసిషన్, అంటే ఖచ్చితత్వం, అని పేరు. ఇప్పుడు మనం చూసే పీ బేస్ రూపం, రెండు ముక్కలుగా ఉండే ఆ పికప్, 1957లో వచ్చినయి. జాజ్ బేస్ 1960లో వచ్చింది. జాజ్ వాయించేవాళ్లు కొంటారని ఆ పేరు పెట్టిన్రు గానీ, తర్వాత దాన్ని రాక్ వాళ్లు, ఫంక్ వాళ్లు, అందరూ వాడిన్రు. "నేను జాజ్ వాయించను కదా, నాకెందుకు" అని ఒకరు రాసిన్రు. పేరును పట్టించుకోకండి. బిర్యానీ ఆకును బిర్యానీల్నే వేస్తమా ఏంది!

ఇగ అసలు తేడాకు వద్దాం. అది పికప్‌ల దగ్గర ఉంది. పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతం, దానిచుట్టూ చుట్టిన సన్నని రాగి తీగ. పైన ఉక్కు తీగ కదిలితే దాంట్ల కరెంటు పుడుతది, అదే ఆంప్‌కు పోతది. అది తీగ కింద ఎక్కడ ఉంది అనేదాన్ని బట్టి శబ్దం మారుతది. దండెం కట్టిన తాడును ఒకసారి ఊపి చూడండి. మధ్యల బాగా ఊగుతది. గుంజ దగ్గరికి వచ్చేసరికి ఊగుడు తగ్గి చిన్నచిన్న అదురు మాత్రమే ఉంటది. గిటార్ తీగ కూడా గంతే. బ్రిడ్జి అంటే తీగలు కట్టి ఉండే చివర. దానికి దగ్గరగా పికప్ ఉంటే సన్నని, గరుకైన, స్పష్టమైన శబ్దం వస్తది. మధ్యకు జరిగినకొద్దీ గుండ్రంగా, బరువుగా వస్తది.

పీ బేస్‌కు ఒక్కటే పికప్, అది ఆ రెండిటికీ నడుమ ఉంటది. రెండు ముక్కలు చేసి, మందపు తీగల ముక్కను మెడ వైపు, సన్న తీగల ముక్కను బ్రిడ్జి వైపు జరిపి పెట్టిన్రు. నాబ్‌లు రెండే, ఒకటి వాల్యూమ్, ఒకటి టోన్. దాని గొంతు ఒక్కటే, అదే దాని బలం. జే బేస్‌కు రెండు పికప్‌లు. ఒకటి మెడ వైపు, ఒకటి బ్రిడ్జి పక్కన. రెండిటికీ వేర్వేరు వాల్యూమ్ నాబ్‌లు, ఇద్దరికీ కలిపి ఒక టోన్. రెండూ నిండుగా తెరిస్తే మధ్యస్థాయి శబ్దం కొంత తగ్గి, కింద పైన మెరుస్తది. స్లాప్ వాయించేవాళ్లకు ప్రాణం అది. మెడ వైపుది ఒక్కటే పెడితే పీ బేస్ దగ్గరికి వస్తది, కానీ ఆ గుద్దు రాదు. బ్రిడ్జి వైపుది ఒక్కటే పెడితే ముక్కుతో మాట్లాడినట్టు, కానీ ప్రతి స్వరం విడివిడిగా వినిపిస్తది.

(ఇక్కడ నాలుగూ ఒకదాని వెంట ఒకటి వాయించి వినిపించాను. మొదట పీ, తర్వాత జే మూడు రకాలుగా.)

ఇప్పుడు ఇయర్‌ఫోన్స్ సంగతి. మీరు ఇది ఫోన్ స్పీకర్ల వింటే పీ బేస్ మొద్దుగా, జే బేస్ బ్రిడ్జి పికప్ మంచిగా అనిపించి ఉంటది. అది గిటార్ తప్పు కాదు, ఫోన్ చేసే మాయ. బేస్‌ల మందపు తీగను ఊరికే మీటితే సెకండుకు 41 సార్లు ఊగుతది, అంటే 41 హెర్ట్జ్. చాలా ఫోన్ స్పీకర్లు 200 హెర్ట్జ్ కింద పెద్దగా పలకనే పలకవు. మరి మనకు ఎట్ల వినిపిస్తుంది? ఆ తీగ 41తో పాటు 82, 124, 165, 206, ఇట్ల మీదికి చాలా స్వరాలు పలుకుతది. ఫోన్ ఆ పైవాటిని మాత్రమే వినిపిస్తది. వాటిని బట్టి "కింద 41 ఉండి ఉంటది" అని మన మెదడు లెక్క కట్టుకుంటది. లేని స్వరాన్ని మనమే వింటున్నమన్నట్టు. కాబట్టి పై స్వరాలు ఎక్కువ ఇచ్చే జే బేస్ ఫోన్‌ల గెలుస్తది. రీల్స్ చూసి "జే బేసే బెస్ట్" అని ఫిక్స్ అయ్యేవాళ్లు చాలామంది ఇందుకే. అదే రెండిటినీ పెద్ద స్పీకర్ల ముందు, డ్రమ్ముతోని, ఇద్దరు పాడుతుండగా వింటే లెక్క మారిపోతది. రూముల ఒంటరిగా ముద్దుగా వినిపించిన శబ్దం గుంపుల దొరకదు. పీ బేస్ గొంతు తబలాకు, గిటార్‌కు, పాడేవాళ్లకు నడుమ ఉన్న ఖాళీల మంచిగా కూర్చుంటది. అందుకే స్టూడియో వాళ్లకు అది అంత ఇష్టం.

జేమ్స్ జేమర్సన్ పేరు విన్నరా? అమెరికా డెట్రాయిట్‌ల మోటౌన్ కంపెనీ పాటలకు బేస్ వాయించినాయన. ఆయన చేతిల 1962 పీ బేస్, దానికి నున్నటి తీగలు, కుడిచేతిది ఒక్కటే వేలు. తీగలు తెగితే తప్ప మార్చేటోడు కాదట. ఆ పాటలన్నీ ప్రపంచం పాడుకున్నది గానీ, చాలా రికార్డుల మీద ఆయన పేరే వెయ్యలేదు. జే బేస్ వైపు జాకో పాస్టోరియస్. 1962 జాజ్ బేస్ నుంచి ఫ్రెట్లు పీకేసి, ఆ గీతలు నింపేసి వాయించిండు. 1976ల వచ్చిన ఆయన మొదటి సోలో ఆల్బమ్ విన్నంక బేస్ ముందుకొచ్చి పాడగలదని లోకానికి తెలిసింది. ఆయన ఎక్కువగా వాడింది బ్రిడ్జి పికప్పే. మార్కస్ మిల్లర్ స్లాప్ వింటే అది కూడా జాజ్ బేసే, 1977ది. అటు ఐరన్ మెయిడెన్ స్టీవ్ హారిస్‌ది పీ బేస్. అంటే పీ మెత్తగా ఉంటది, జే గట్టిగా ఉంటది అనుకుంటే కూడా కుదరది.

మన పాటల్ల వినాలంటే ఇళయరాజా దగ్గరికి పోవాలె. 1989 గీతాంజలి సినిమా పాటలు ఇయర్‌ఫోన్స్‌తోని మళ్లొకసారి వినండి, ఈసారి పాడేవాళ్లను వదిలేసి కింద బేస్‌ను మాత్రమే పట్టుకోండి. పల్లవికి పక్కన ఇంకొక పాట నడుస్తున్నట్టు ఉంటది. బేస్ నేర్చుకునేవాళ్లకు నేను ఇచ్చే మొదటి హోంవర్క్ అదే.

చేతి సంగతి మీద ఎక్కువమందికి ఒక అపోహ ఉంది. "నా చేతులు చిన్నవి, అందుకే జే బేస్" అంటరు. సగమే నిజం. రెండిటి పొడుగు ఒక్కటే. తీగ పొడుగు 34 అంగుళాలు, అంటే 864 మిల్లీమీటర్లు. కాబట్టి ఫ్రెట్‌కు ఫ్రెట్‌కు మధ్య దూరం రెండిట్లనూ అంతే. మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా దాదాపు 13 సెంటీమీటర్లు. స్కేలు పెట్టి బల్ల మీద గీత గీసుకోండి, చూపుడువేలు ఒక చివర, చిటికెనవేలు ఇంకొక చివర పెట్టి చూడండి. అది కష్టమైతే జే బేస్ కొన్నా కష్టమే. తేడా మెడ వెడల్పుల ఉంది. తల దగ్గర జే 38 మిల్లీమీటర్లు, పీ 41 నుంచి 42, పాతకాలం పీ అయితే 44 దాకా. బొటనవేలు మెడ వెనక పెట్టి మందపు తీగను అందుకునేటప్పుడు ఆ మూడు నాలుగు మిల్లీమీటర్లు తెలుస్తయి. మామూలు గిటార్ నుంచి వచ్చేవాళ్లకు జే మెడ తొందరగా అలవాటైతది. నిజంగా పొడుగే ఇబ్బంది అయితే 30 అంగుళాల చిన్న బేస్‌లు ఉంటయి. వాటిల అదే దూరం పదకొండున్నర సెంటీమీటర్లకు దిగుతది. ఇంకొకటి, కొన్ని కంపెనీలు పీ బేస్‌కే సన్న మెడ పెడుతున్నయి. కొనే ముందు మోడల్ వివరాల్ల నట్ వెడల్పు ఎంతో చదవండి. బాడీ రంగు తర్వాత చూద్దాం.

ఇప్పుడు సిరిసిల్ల తమ్ముని దగ్గరికి వస్త. ఈయన ప్రశ్న నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది, ఎందుకంటే దీని మీద ఎవ్వరూ వీడియో చెయ్యరు. ఒకే చుట్ట ఉన్న పికప్ యాంటెనా లెక్క పనిచేస్తది. చుట్టూ ఉన్న మోటర్లు, ట్యూబ్‌లైట్ చోకులు, డిమ్మర్లు, చార్జర్లు, అన్నిటి గాలి దానికి తగులుతది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. బేస్ మందపు తీగ మూడో ఫ్రెట్ మీద పలికే స్వరం 49 హెర్ట్జ్. చూసిన్రా? ఆ "గుయ్" అనే చప్పుడు దాదాపు మనం వాయించే స్వరమే, జర శ్రుతి పైకి ఉన్నది. 100 దగ్గర కూడా వస్తది, అది మన సన్న తీగ 98 పక్కన కూర్చుంటది. గిటార్‌లనైతే ఆ చప్పుడును కొంత కోసెయ్యొచ్చు. బేస్‌ల కోస్తే పాట కూడా తెగుతది.

పీ బేస్ రెండు ముక్కలు ఎదురెదురు దిక్కుల చుట్టి ఉంటయి. బయటి నుంచి వచ్చిన చప్పుడు ఒక ముక్కల ఎక్కితే రెండోదాంట్ల దిగుతది, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి. జే బేస్‌ల రెండు పికప్‌లు కలిసి ఆ పని చేస్తయి, కానీ రెండూ సమానంగా తెరిచి ఉన్నప్పుడే. ఒకటి తగ్గించిన్రా, గుయ్ మొదలు. అంటే జే బేస్ ఎందుకు కొంటమో, ఆ రకరకాల గొంతులు, అవి వాడుకునే క్షణంలనే చప్పుడు వస్తది. పక్కన సాంచెలు నడుస్తుంటే, పాత వైరింగు ఉంటే, పగలంతా ఇదే పరిస్థితి. సిరిసిల్ల తమ్ముడూ, నీకు నా మాట పీ బేసే. లేదా పీజే అని ఉంటది, పీ పికప్‌తో పాటు బ్రిడ్జి పక్కన ఒక జే పికప్. యమహా టీఆర్‌బీఎక్స్ 174 అట్లాంటిదే, స్క్వైర్ అఫినిటీ ప్రెసిషన్ కూడా. పీ ఒక్కటే తెరిచి వాయించు, గుయ్ ఉండదు. రేపు ఎప్పుడన్నా వేరే గొంతు కావాలంటే రెండోది కలుపుకో. ఒక్కసారే కొంటా అన్నవ్ కదా, అందుకే చెప్తున్న.

ఇదే జాగల ఒక ముఖ్యమైన సంగతి. గుయ్ చప్పుడు తగ్గుతదని ప్లగ్గుకున్న మూడో పిన్ను, ఎర్త్ పిన్ను, విరగ్గొట్టేవాళ్లను ఫంక్షన్ హాళ్లల్ల చూస్తుంట. దయచేసి ఆ పని చెయ్యకండి. బేస్ తీగలు బ్రిడ్జి ద్వారా లోపలి వైరుతో ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటయి. మీరు తీగలు ముట్టుకుంటే చప్పుడు తగ్గేది అందుకే. ఆంప్‌ల ఏదన్నా లోపం వచ్చి కరెంటు దాని బాడీకి తగిలితే, ఎర్త్ ఉంటే అది అటు పోయి ఫ్యూజు కొడుతది. ఎర్త్ లేకపోతే ఆ కరెంటు మీ చేతుల ఉన్న తీగలకే వస్తది. అప్పుడు వేరే లైను మీద ఉన్న మైకుకు మూతి తగిలితే మీ ఒంట్ల నుంచి పోతది. బరాత్‌ల జనరేటర్ మీద, వాన పడ్డ స్టేజీ మీద ఇంకా ప్రమాదం. చప్పుడు వస్తే ఆంప్‌ను, మిక్సర్‌ను ఒకే బోర్డుకు పెట్టండి, జాగ మారి నిలబడండి, కేబుల్ మార్చండి. పిన్ను జోలికి పోవద్దు. హాల్‌ల ఎర్త్ ఉందో లేదో అనుమానం ఉంటే అక్కడి ఎలక్ట్రీషియన్‌తోని చూపించినంకనే ప్లగ్గు పెట్టండి. అట్ల అడిగినందుకు ఒకసారి ఆర్కెస్ట్రా మేనేజర్ ఒకాయన నా మీద మస్తు గరం అయిండు. అయినా అడుగుతనే ఉన్న.

జగిత్యాల చర్చి తమ్ముడు. నీకు కీబోర్డు ఉంది, ప్యాడ్ ఉంది, పాడేవాళ్లు పదిమంది ఉంటరు. నువ్వు చెయ్యాల్సింది కింద నేల వెయ్యడం. పీ బేస్, టోన్ సగానికి తగ్గించు, వీలైతే నున్నటి తీగలు వేసుకో. గరుకు తీగల మీద వేలు జారే చప్పుడు చిన్న హాల్‌ల బాగా వినిపిస్తది, నున్నటివాటికి అది ఉండదు. కీబోర్డు అన్నతోని ఒక్క మాట మాట్లాడుకో, ఎడమచేతి బేస్ ఆపమని. ఇద్దరూ కింద వాయిస్తే రెండు రకాల గిటార్లు తెచ్చినా బురదే. మన దగ్గర ఆర్కెస్ట్రాలల్ల చాలామంది కీబోర్డు ఎడమచేతితోనే బేస్ నడిపిస్తరు, వాళ్లకు అలవాటు. మర్యాదగా అడగాలె.

కోరుట్ల చెల్లె, నువ్వు రాసింది చూస్తే ఇంట్ల కూర్చుని రికార్డు చేసుకుంటవ్, జానపదం పాటలకు కొత్తగా బేస్ కడుతున్నవ్, స్లాప్ నేర్చుకుంటున్నవ్. నీకు జే బేస్. ఇంట్ల సాంచెలు లేవు, బ్యాండు లేదు, ఇప్పుడు నీకు కావాల్సింది రకరకాల గొంతులు వెతుక్కునే వీలు. నీ పాటలు వినేటోళ్లు కూడా ఫోన్ల మీదనే వింటరు, ఆ లెక్క ఇందాక చెప్పిన. దుబాయి నుంచి తేవడం మీద రెండు ముచ్చట్లు. ఈ రెండు రకాలకూ మెడ వెనక నాలుగు మరలతో బిగించి ఉంటది. అన్నకు చెప్పు, తీగలు పూర్తిగా వదులు చేసి, మెడ విప్పి, బట్టల మధ్యల చుట్టి తెచ్చుకోవచ్చు. మరలు ఒక కవర్ల వేసి టేపు అంటించమను, పోతే దొరకవు. బిల్లు దగ్గర పెట్టుకోమను. ఆంప్ కూడా తెస్తే, అక్కడ కూడా 230 వోల్టులు, 50 హెర్ట్జే, పనిచేస్తది. కానీ ప్లగ్గుకు మూడు చదునైన పిన్నులు ఉంటయి, మన బోర్డుల పట్టవు. మంచి ఎలక్ట్రీషియన్‌తోని మన మూడు పిన్నుల ప్లగ్గు వేయించుకో, ఎర్త్ వైరు కలిపించి.

ధరల గురించి చెప్తలేను, మీరు ఇది చూసేసరికి మారిపోతయి. ఒకే సిరీస్‌ల రెండిటికీ పెద్ద తేడా ఏం ఉండది. కర్ర ఏ చెట్టుది అనేదాని మీద గంటలు గంటలు కొట్లాడేవాళ్లు ఉన్నరు, మొదటి బేస్‌కు ఆ తలనొప్పి వద్దు. ఆ పైసలు పెట్టి సెటప్ చేయించండి. తీగల ఎత్తు, మెడ వంపు, ఫ్రెట్ చివరలు సరి చేయిస్తే తక్కువ ధర బేస్ కూడా మంచిగా పలుకుతది. మన ఎండలు మీకు తెలుసు. రేకుల షెడ్డు కింద, పార్కు చేసిన కారుల బేస్‌ను వదిలేస్తే మెడ వంగుతది, అప్పుడు పీ అయినా జే అయినా ఒకటే ఏడుపు. సంచిల పెట్టి, లోపలి గోడకు ఆనించండి, బయటి గోడకు కాదు.

కొనే రోజు షాపుల ఒక పని చెయ్యండి. ఆంప్‌కు పెట్టకముందే కూర్చుని ఒక అరగంట ఊరికే వాయించండి, తర్వాత నిలబడి బెల్టు వేసుకుని పది నిమిషాలు. మెడ కిందికి వాలుతుందా, భుజం లాగుతుందా చూసుకోండి. ఆ తర్వాత ఆంప్‌కు పెట్టి, మీకు బాగా వచ్చిన ఒకే ఒక్క పాటను రెండిటి మీదా అదే వాల్యూమ్‌తో వాయించండి. గట్టిగా ఉన్నది ఎప్పుడూ మంచిగనే అనిపిస్తది, అందుకే వాల్యూమ్ సమానంగా ఉండాలె. షాపాయన కొత్త పాట వాయించి చూపిస్తా అంటే విని నవ్వండి గానీ, చేతికి తీసుకుని మీరే వాయించండి.

వచ్చే ఎపిసోడ్‌ల సెటప్ ఇంట్లనే ఎంతవరకు చేసుకోవచ్చో, ఎక్కడ ఆగాల్నో చూపిస్త. ట్రస్ రాడ్ తిప్పే పని ఉంది, కాబట్టి సిరిసిల్ల తమ్ముడూ, అప్పటిదాకా ఆ మరను ముట్టకు. ఉంటా మరి.